ఇటుకల మీద కట్టిన వ్యాపారం – కార్ల్ ఫిషర్ జీవితం

మెమోరియల్ డే వారాంతం వస్తోందంటే మన ఇళ్ళల్లో ఈసారి పాట్‌లక్ ఎవరింట్లో, పిక్నిక్ ఏ పార్కులో అన్న మాటలే వినిపిస్తాయి. అదే ఆదివారం ఇండియానాపొలిస్‌లో రెండు లక్షల మందికి పైగా ఒక్కచోట చేరి 500 మైళ్ళ కారు పందెం చూస్తారు. ఒకే చోట గిరగిరా తిరిగే కార్లలో చూడ్డానికి ఏముందిలే అనుకుని టీవీ ఛానల్ మార్చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ పందెం వెనకున్న డబ్బు లెక్క తెలిశాక నా అభిప్రాయం మారింది. ఆ లెక్క వేసిన మనిషి ఏ బిజినెస్ స్కూల్లోనూ చదవలేదు. పన్నెండేళ్ళకే బడి మానేశాడు. పేరు కార్ల్ గ్రాహం ఫిషర్.

ఫిషర్ 1874 జనవరి 12న ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి కుటుంబాన్ని వదిలేసి వెళ్ళిపోతే తల్లే పిల్లల్ని పెంచింది. కుర్రవాడికి చూపు సరిగా ఆనేది కాదు. బోర్డు మీది అక్షరాలు కనబడక చదువు వంటబట్టలేదు. ఆ లోపం ఏమిటో పెద్దయ్యేదాకా ఎవరూ కనిపెట్టలేదు. బడి మానేసి కిరాణా కొట్లో పనిచేశాడు, రైళ్ళలో పేపర్లు, మిఠాయిలు అమ్మాడు. 1891లో, పదిహేడేళ్ళ వయసులో, తమ్ముళ్ళతో కలిసి ఇండియానాపొలిస్‌లో సైకిల్ రిపేరు షాపు పెట్టాడు.

సైకిళ్ళు అమ్మడానికి రెండు మేడల మధ్య తాడు కట్టించి దాని మీద సైకిల్ తొక్కాడు. కార్ల షాపు పెట్టిన తరువాత 1908లో ఒక పెద్ద బెలూన్‌కి కారు వేలాడదీసి, తాను అందులో కూర్చుని ఊరంతటి మీదుగా ఎగిరాడు. బరువు తగ్గించడానికి ఆ కారులో ఇంజన్ ముందే తీసేశారని, దిగిన చోట అలాంటిదే ఇంకో కారు సిద్ధంగా ఉంచి దాన్ని నడుపుకుంటూ ఊళ్ళోకి వచ్చాడని చెబుతారు. ఏదైతేనేం, ఊరంతా అతని షాపు గురించే మాట్లాడుకుంది.

అసలు సంపద తెచ్చింది మాత్రం దీపాలు. ఆ రోజుల్లో కార్లకు రాత్రిపూట దారి కనిపించే వెలుతురు ఉండేది కాదు. ఎసిటిలిన్ గ్యాసును సిలిండర్లో నింపి హెడ్‌లైట్లు వెలిగించే పద్ధతి ఒకటి 1904లో అతని దగ్గరకు వచ్చింది. మిత్రుడు జేమ్స్ ఆలిసన్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. అదే తరువాత ప్రెస్ట్-ఓ-లైట్ అయింది. ఆ గ్యాసు పేలే స్వభావం కలది. ఫ్యాక్టరీలో పేలుళ్ళు జరిగాయి. అయినా వ్యాపారం దేశమంతా పాకింది. చివరికి దాన్ని యూనియన్ కార్బైడ్ సంస్థకు అమ్మినప్పుడు వచ్చిన మొత్తం 90 లక్షల డాలర్లని చెబుతారు.

ఇక పందెం సంగతి. అప్పట్లో మార్మన్, నేషనల్ వంటి ఎన్నో కార్ల కంపెనీలు ఇండియానాపొలిస్‌లోనే ఉండేవి. కార్లయితే తయారవుతున్నాయి కానీ వేగంగా నడిపి పరీక్షించే చోటు లేదు. రోడ్లన్నీ మట్టి రోడ్లే, వాన పడితే బురద. కంపెనీలన్నిటికీ ఉపయోగపడే పరీక్షా మైదానం ఒకటి కట్టాలి, ఏడాదికి కొన్నిసార్లు అక్కడే పందేలు పెట్టి టిక్కెట్లు అమ్మాలి. పందెం గెలిచిన కారు ఎలాగూ బజార్లో అమ్ముడవుతుంది. ఇదీ ఫిషర్ ఆలోచన.

1909లో నలుగురు భాగస్వాములు కలిశారు. ఫిషర్, ఆలిసన్ చెరి 75 వేల డాలర్లు, నేషనల్ కార్ల కంపెనీ అధిపతి ఆర్థర్ న్యూబీ, కార్బురేటర్ల తయారీదారు ఫ్రాంక్ వీలర్ చెరి 50 వేలు, మొత్తం రెండున్నర లక్షల పెట్టుబడి. ఊరికి పడమట 300 ఎకరాలకు పైగా పొలం 72 వేలకు కొని రెండున్నర మైళ్ళ చుట్టు కొలత గల ట్రాక్ వేయించారు.

మొదటి ప్రదర్శన కార్లది కాదు, బెలూన్ల పోటీ. 1909 జూన్‌లో జరిగింది. జనం విరగబడి వచ్చారు కానీ చాలామంది టిక్కెట్టు కొనలేదు. బెలూన్ పైకి లేచాక గోడ బయట నిలబడినా కనిపిస్తుంది కదా! వినోదం ఎంత గొప్పదైనా గేటు దగ్గర డబ్బు వసూలు కాకపోతే అది వ్యాపారం కాదని ఫిషర్‌కు ఆ రోజే అర్థమై ఉండాలి.

అసలు దెబ్బ ఆగస్టులో తగిలింది. కంకర, తారు కలిపి వేసిన ట్రాక్ మీద మూడు రోజుల కార్ల పందేలు పెట్టారు. కార్ల బరువుకు రోడ్డు పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయింది. దుమ్ముకి, ఎగిరే రాళ్ళకి డ్రైవర్లకు ముందున్నది కనబడలేదు. ఆ మూడు రోజుల్లో ఒక డ్రైవరు, ఇద్దరు మెకానిక్కులు, ఇద్దరు ప్రేక్షకులు, మొత్తం ఐదుగురు చనిపోయారు. చివరి పందెం మధ్యలోనే ఆపేశారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ట్రాక్ బాగుపడేదాకా పందేలకు అనుమతి లేదని పోటీలను నియంత్రించే అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ హెచ్చరించింది.

ఇక్కడ భాగస్వాముల ముందు రెండే దారులు. ఉన్నంతలో నష్టం భరించి మూసేయడం ఒకటి, ఇంకా డబ్బు పోసి మళ్ళీ కట్టడం రెండోది. రెండో దారే పట్టారు. 63 రోజుల్లో 32 లక్షల ఇటుకలు పరిచారు. బ్రిక్‌యార్డ్ అన్న ముద్దుపేరు అందుకే వచ్చింది. ఈనాటికీ గీత దగ్గర గజం వెడల్పున ఆ ఇటుకలు అలాగే ఉంచారు. భద్రతకు ముందే పెట్టాల్సిన ఖర్చు ఐదు ప్రాణాలు పోయాక పెట్టారన్నది మాత్రం మరిచిపోకూడని నిజం.

1910లో మే, జులై, సెప్టెంబరు నెలల్లో వరుసగా పందేలు పెట్టారు. మొదటిసారి జనం బాగా వచ్చారు, తరువాత తరువాత పలచబడ్డారు. మామూలు వ్యాపారస్తుడైతే టిక్కెట్టు తగ్గించేవాడు, లేదా ఇంకో నాలుగు పందేలు పెంచేవాడు. ఫిషర్ బృందం దానికి తలకిందులుగా ఆలోచించింది. ఏడాదికి ఒక్కటే పందెం. కానీ అంత పెద్దది దేశంలో ఇంకెక్కడా ఉండకూడదు. దూరం 500 మైళ్ళు. పొద్దున మొదలుపెడితే చీకటి పడకముందే ముగిసి, జనం ఇళ్ళకు చేరుకోవచ్చు. బహుమతి మొత్తం 25 వేల డాలర్లు. ఆనాటికి అది కళ్ళు తిరిగే సొమ్ము. పోటీకి దిగే ఒక్కో కారుకు ప్రవేశ రుసుము 500 డాలర్లు. ఊరికే పేరిచ్చి రాకుండా పోయేవాళ్ళను ఆపే మార్గం కూడా అదే.

1911 మే 30న మొదటి పందెం జరిగింది. 40 కార్లను ఒక్కసారిగా నిలబడ్డ చోటు నుంచి వదలడం ప్రమాదమని, ఫిషర్ స్వయంగా ముందు కారు నడుపుతూ ఒక చుట్టు తిప్పి వదిలాడు. ఆ పేస్ కారు పద్ధతి నేటికీ ఉంది. మార్మన్ కంపెనీ ఇంజనీరు రే హారౌన్ గంటకు సగటున 74.6 మైళ్ళ వేగంతో 6 గంటల 42 నిమిషాల్లో గెలిచాడు. ఆ రోజూ ఒక మెకానిక్ ప్రాణం పోయింది. వచ్చిన జనం సుమారు 80 వేలని అంచనా. తక్కువ టిక్కెట్టు ఒక డాలరు. తలకు ఆ డాలరే లెక్కేసుకున్నా బహుమతి సొమ్ముకు మూడు రెట్లు గేటు దగ్గరే వచ్చినట్టు.

ఇందులో ఇంకో తెలివి ఉంది. హారౌన్‌కు ట్రాక్ యాజమాన్యం ఇచ్చింది 10 వేలే. విడిభాగాల కంపెనీలు తమ సరుకు వాడినందుకు ఇచ్చిన బహుమతులు కలిపితే అది 14,250 అయింది. మన ఊళ్ళల్లో సంక్రాంతి ఎడ్ల పందేలకు ఒక్కో బహుమతి ఒక్కో దాత పేరున ఇచ్చినట్టే. ఇవాళ కార్ల మీద కనిపించే స్టిక్కర్ల ఆర్థిక శాస్త్రానికి ఇదొక తొలి రూపం. మరుసటి ఏడు బహుమతి మొత్తాన్ని 50 వేలకు పెంచి, గెలిచినవాడికి 20 వేలు ఇచ్చారు. 500 మైళ్ళూ పూర్తి చేస్తేనే డబ్బు అన్నారు. దాంతో రాల్ఫ్ మల్ఫోర్డ్ అనే డ్రైవరు అందరూ వెళ్ళిపోయాక కూడా మధ్యమధ్య ఆగి భోంచేస్తూ, దాదాపు తొమ్మిది గంటలు తిరిగి పదో స్థానం సొమ్ము 1,200 డాలర్లు పట్టుకెళ్ళాడు!

ఫిషర్ మనసు మాత్రం ఒకచోట నిలిచేది కాదు. కార్లు అమ్ముడుపోవాలంటే రోడ్లుండాలని న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా లింకన్ హైవే ఉద్యమం లేవదీశాడు. 1913లో దానికి సంఘం ఏర్పడింది. తరువాత ఉత్తరాది నుంచి మయామీ దాకా డిక్సీ హైవే. ఆ రోడ్డు చివర మయామీ బీచ్‌లో మడ అడవులు కొట్టించి, సముద్రపు ఇసుక పోయించి నగరం లేపాడు. 1920లలో భూముల ధరలు ఆకాశాన్నంటినప్పుడు అతను కాగితాల మీద కోట్లకు అధిపతి.

అతని గొప్పతనంతో పాటు ఆ కాలపు చీకటీ చెప్పాలి. మయామీ బీచ్‌లోని అతని హోటళ్ళలో యూదులకు స్వాగతం ఉండేది కాదు. ఇండియానాపొలిస్ పందెంలో నల్లజాతి డ్రైవర్లకు చోటు లేదు. విలీ టి. రిబ్స్ ఆ పందెంలో దిగిన మొదటి నల్లజాతి డ్రైవరు అయ్యేసరికి 1991 వచ్చింది. వలస వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనం ఈ సంగతి దాటేసి పోకూడదు.

1926లో మయామీ ఆస్తుల మీద అప్పు తెచ్చి న్యూయార్క్ దగ్గర మాంటాక్‌లో వేల ఎకరాలు కొన్నాడు. చలికాలానికి మయామీ, ఎండాకాలానికి మాంటాక్ అన్నది పథకం. ఆ సెప్టెంబరులోనే పెను తుఫాను మయామీని ఊడ్చేసింది. స్థలాలు కొన్నవాళ్ళు వాయిదాలు కట్టడం మానేశారు. 1927లో స్పీడ్‌వేని సుమారు ఏడున్నర లక్షల డాలర్లకు ఎడ్డీ రికెన్‌బాకర్ బృందానికి అమ్మేశారు. 1929లో స్టాక్ మార్కెట్ కూలింది. 1932 నాటికి మాంటాక్ కంపెనీ దివాలా తీసింది. ఒకప్పటి కోటీశ్వరుడు పాత భాగస్వాముల దగ్గర నెల జీతానికి పనిచేశాడు. 1939 జులై 15న మయామీ బీచ్‌లో, 65వ ఏట కన్నుమూశాడు.

స్పీడ్‌వే మాత్రం నిలిచింది. 1945లో టోనీ హల్మన్ కొన్నాడు. 2020లో అది రోజర్ పెన్స్కే చేతికి వచ్చింది. ఎందుకు నిలిచిందని ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే. అక్కడ అప్పు మీద అప్పు లేదు. భాగస్వాములు తమ డబ్బు పెట్టారు, గేటు దగ్గర వచ్చిన డబ్బుతో నడిపారు, ఏడాదికి ఒక్క పందెంతో తృప్తిపడ్డారు. మాంటాక్‌లో జరిగింది అందుకు పూర్తిగా వ్యతిరేకం. రెండూ చేసింది ఒకే మనిషి, అదే ధైర్యంతో.

మనలో చాలామంది ఉద్యోగం వదిలి సొంత కంపెనీ పెట్టాలని, ఉన్న ఇంటి మీద అప్పు తీసి ఇంకో ఇల్లు కొనాలని ఆలోచిస్తుంటాం. ధైర్యం మంచిదే. అయితే ఆ ధైర్యం మన డబ్బు మీద నిలబడిందా, రేపు ఎవరో కట్టబోయే వాయిదాల మీద నిలబడిందా అన్నది ముందు చూసుకోవాలి. ఈసారి ఇండియానాపొలిస్ వెళ్తే పిల్లలతో కలిసి స్పీడ్‌వే మ్యూజియం చూడండి, ఫిషర్ కథలో రెండు సగాలూ వాళ్ళకు చెప్పండి.