కడలిని పసివారికి చూపిన రేచల్ కార్సన్

1907లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, సముద్రానికి సుదూరమైన స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊరిలో రేచల్ కార్సన్ జన్మించారు. కళాశాలలో ఆంగ్ల సాహిత్యం చదువబూని, నడుమ జీవశాస్త్రానికి మరలారు. సాహిత్యం బోధించే మాకు ఇది కొంత కష్టమే అయినా, 1951 నాటి ‘ది సీ అరౌండ్ అస్’ గ్రంథంలోని వచనాన్ని చూచి క్షమించాము. ఆమె కడలిని తొలిసారి చూచినది 1929లో, 22 ఏండ్ల వయస్సున.

అక్క కూతురి బిడ్డను, రెండేండ్లయినా నిండని పసివానిని, ఒక తుఫాను రాత్రి దుప్పటిలో చుట్టి ఆమె సముద్రపుటొడ్డుకు ఎత్తుకొనిపోయారు. మరొక రాత్రి టార్చిలైటు వెలుగులో ఇసుకపై పీతలను వెదకిరి. పేర్లు వల్లె వేయించలేదు; తానూ వానితోపాటు అబ్బురపడ్డారు. బాలునికి తెలిసికొనుటకన్న అనుభూతి చెందుట ముఖ్యమని 1956లో ఒక వ్యాసం వ్రాశారు. మన పాఠ్యప్రణాళికలు ఇంకను ఆ వ్యాసానికి దూరముగానే ఉన్నవి.

సాగరం మానవుడు చెరుపజాలనిదని ఆమె కూడా చిరకాలం నమ్మినవారే. కాని అణు వ్యర్థాలను పీపాలలో నింపి సముద్రంలో పడవేయుచున్న సంగతి ఎరిగి, 1961లో తన గ్రంథానికి క్రొత్త పీఠిక చేర్చి, ఆ నమ్మకం నిలువదని ఒప్పుకొన్నారు. కీర్తి తెచ్చిన పుస్తకాన్నే దిద్దుకొనుటకు ఎంత ధైర్యం కావలెనో! మరుసటి ఏట క్రిమిసంహారక మందులపై ‘సైలెంట్ స్ప్రింగ్’ వెలువడినది. పసివారిని గూర్చిన వ్యాసాన్ని పెంచి వ్రాయవలెననే కోరిక తీరకయే 1964లో ఆమె కన్నుమూశారు. ఆ వ్యాసం 1965లో పుస్తకంగా వచ్చినది.