మాడపాటివారి కృతార్థత

అర్థమనగా ధనమనియే లోకమున రూఢి. కాని అర్థమునకు ప్రయోజనమనియు అర్థము కలదు. తలపెట్టిన ప్రయోజనము నెరవేరినవాడే కృతార్థుడు. ఆ ప్రయోజనమేదో నిర్ణయించుకొనవలసినవాడు తానే గాని ఇరుగుపొరుగువారు గారు. నేడు అశోక్‌నగర్ అద్దెగదులలోను, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములోను ప్రభుత్వోద్యోగ పరీక్షలకై రేయింబవళ్లు చదువుచు ఏండ్లు గడపు యువకులెందరో కలరు. ఎంపిక జాబితాలో తన పేరు కానరానినాడు జన్మమే వ్యర్థమని క్రుంగువారును కలరు. ఆ వీథులకు చేరువనే నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పంతులుగారి పేర ఒక బాలికోన్నత పాఠశాల వెలసియున్నది. పంతులుగారు చేతనున్న ప్రభుత్వోద్యోగమును విడిచి వచ్చినవారు.

వారు 1885లో కృష్ణా మండలమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, సూర్యాపేటలో మేనమామల యొద్ద పెరిగిరి. నిజాము రాజ్యమున నాడు చదువనగా ఉర్దూ, పారసీకములే. ఆ రెండింటను వారు దిట్టలైరి. హనుమకొండలో విద్యాశాఖయందును, పిదప హైదరాబాదున అనువాదకులుగాను కొలువు చేసి, 1917 ప్రాంతమున న్యాయవాదవృత్తి చేపట్టిరి. వకీలు వృత్తి కొలువుకంటె లాభసాటియే గదా, ఇందులో త్యాగమేమని అడుగవచ్చును. ఇది త్యాగమని చెప్పుట కాదు. ఆ వృత్తివలన లభించిన స్వేచ్ఛను వారు దేనికి వెచ్చించిరన్నదే గమనింపదగినది.

1921 నవంబరులో హైదరాబాదున ఒక సంఘసంస్కార సభ జరిగెను. మహారాష్ట్రమున స్త్రీవిద్యకై జీవితమర్పించిన ధొండో కేశవ కార్వే మహాశయులు అధ్యక్షులు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా కొందరు గేలిచేసి అల్లరి చేసిరి. రాజ్యమున దాదాపు సగము ప్రజలు మాటాడు భాషకు రాజధానిలో దక్కిన గౌరవమది! మనసు నొచ్చిన తెలుగువారు కొందరు ఆ రాత్రియే కూడి ఆంధ్రజనసంఘమును నెలకొల్పిరి. దాని కార్యభారమును ఏండ్ల తరబడి మోసినవారు పంతులుగారు. గ్రంథాలయములు స్థాపించుట, వెట్టిచాకిరి బాధలను ప్రభుత్వమునకు విన్నవించుట, పల్లెలకు జాబులు వ్రాయుట, ఇట్టి పనులకు రుసుము లేదు.

1928లో వారు మిత్రుల తోడ్పాటుతో తెలుగు మాధ్యమమున బాలికల పాఠశాలను నెలకొల్పిరి. అసలు పరీక్ష అక్కడనే ఎదురయ్యెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. తెలుగున బోధించు పాఠశాలకు గుర్తింపు లభింపలేదు. గుర్తింపు లేని బడికి పిల్లలను పంపుటకు ఏ తల్లిదండ్రులైనను జంకుదురు. బోధనాభాషను మార్చిన చిక్కు తీరిపోవును. ఉర్దూ వలననే పైకి వచ్చిన పంతులుగారికి అది నామోషీయు కాదు. ఆ భాషపై ద్వేషమును వారికి లేదు, ప్రేమ్‌చంద్ కథను తెలుగున అనువదించినవారు వారు. అయినను బాలిక తల్లి నుడిలో చదువుకొనుటకే కదా బడి పెట్టినది! దానిని వదలుకొని పొందు గుర్తింపు వారి లెక్కలో గుర్తింపు కాదు. వారు పూనాలో కార్వే మహాశయులు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయించి పాఠశాలను దానికి అనుబంధింపజేసిరి. తెలుగునకు పరాభవము జరిగిన సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి విద్యాలయమే తెలుగు బాలికల చదువునకు నీడనిచ్చుట విధిచిత్రము.

1935లో సిరిసిల్ల ఆంధ్రమహాసభకు పంతులుగారు అధ్యక్షులు కాగా, మహిళాసభకు వారి ధర్మపత్ని మాణిక్యమ్మగారు అధ్యక్షురాలైరి. అనుమతి పొందనిదే సభ జరుపరాదను ఆంక్షలున్న కాలమది. పంతులుగారు చట్టమును దాటక, విన్నపములతోనే పని నడిపిరి. ఈ మితవాదము పిరికితనమని యువకులు విమర్శించిరి. 1944 నాటికి మహాసభ వారి చేతులలోనికి పోయెను. రైతుల దుస్థితిని చూచిన ఆ యువకుల తొందరలో న్యాయము లేకపోలేదు. పంతులుగారు తమ త్రోవ మార్చుకొనలేదు, బడిని విడువనులేదు.

1951లో నగరపు తొలి మేయరు పదవి, 1955లో పద్మభూషణ్ బిరుదము, 1958 మొదలు 1964 వరకు శాసనమండలి అధ్యక్షత వారిని వరించినవి. అన్నియు అరువదియేండ్లు దాటిన పిదప వచ్చినవే. గుర్తింపు లేని బడికై పూనా దిక్కు చూచిన దినములలో వీనిలో ఒక్కటియు వారి ఊహకు అందియుండదు. 1970 నవంబరులో వారు కీర్తిశేషులైరి.