రాడారుకు అక్కరకు వచ్చిన ప్రోనీ గణితం

పారిస్ నగరంలోని ఈఫిల్ టవరు మీద 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లు వ్రాసి ఉన్నాయి. వాటిలో ప్రోనీ పేరొకటి. గాస్పార్ ద ప్రోనీ 1755లో ఫ్రాన్సులోని షామ్లే గ్రామంలో జన్మించాడు. వంతెనల ఇంజనీరింగు చదివి, ఆ విద్యాలయానికే 1798లో అధిపతియై, 1839లో మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. ఈజిప్టు దండయాత్రకు నెపోలియన్ పిలిస్తే వెళ్ళనన్నాడు.

విప్లవ ప్రభుత్వం కొలతలన్నీ దశాంశ పద్ధతికి మార్చదలచి, కొత్త లాగరితం పట్టికల భారం ఆయనపై ఉంచింది. ఆయన పనిని మూడంతస్తులు చేశాడు. పైన కొద్దిమంది గణితవేత్తలు సూత్రాలు నిర్ణయించేవారు. నడుమ ఏడెనిమిది మంది వాటిని అంకెల్లోకి దించేవారు. అడుగున అరవై డెబ్బయి మంది కూడికలు, తీసివేతలు మాత్రమే చేసేవారు. వీరిలో ప్రభువుల కొలువులు పోయి పని లేక తిరిగే క్షురకులు కూడా ఉండేవారని చెబుతారు. ప్రతి లెక్కా రెండుసార్లు, వేర్వేరుగా! రోజంతా లెడ్జర్లు కూడే మాబోటి గుమాస్తాలకు ఈ సంగతి వింటే ఎంత సంతోషం! కాని డబ్బు చాలక ఆ సంపుటాలు ఆయన జీవితకాలంలో అచ్చుకు నోచుకోలేదు.

రాడారుకు పనికివచ్చినది 1795 నాటి మరొక లెక్క. నీటి ఆవిరి, ఆల్కహాలు ఆవిరి వేడితో ఎంత బలం పుంజుకుంటాయో సమాన అంతరాల్లో కొలిచిన అంకెలు ఆయన ముందున్నాయి. వాటిలో కొన్ని గుణశ్రేఢులు కలగలసి ఉన్నాయని భావించి, విడదీసే ఉపాయం కనిపెట్టాడు. ప్రతి అంకె తన ముందరి అంకెల నుండి స్థిరమైన పాళ్ళలో వస్తుంది. ఆ పాళ్ళు తెలిస్తే, ఒక సమీకరణపు మూలాలుగా శ్రేఢులన్నీ బయటపడతాయి. రెండు శ్రేఢులకు నాలుగు కొలతలు చాలు.

మైక్రోసెకండు నిడివిగల సాదా రాడారు స్పందనకు, ఒకే సూటిలో 150 మీటర్లలోపు దూరంలో ఉన్న రెండు విమానాలు ఒకే చుక్కగా కనబడతాయి. అనేక పౌనఃపున్యాల వద్ద ప్రతిధ్వనిని కొలిస్తే, ఒక్కొక్క విమానం ఒక్కొక్క శ్రేఢిగా అందులో కలసి ఉంటుంది. మామూలు పద్ధతిలో వాటిని విడదీయాలంటే మరింత విశాలమైన పౌనఃపున్య వ్యాప్తి కావాలి. ప్రోనీ ఉపాయం ఉన్న కొలతలతోనే విడదీయగలదు. 1970ల నుండి రాడారు ఇంజనీర్లు దీనిని చేపట్టారు.

అయితే రిసీవరులో రవ్వంత రొద చేరినా ఆ మూలాలు చెదరిపోతాయి. అందుచేత అవసరానికి మించి కొలతలు తీసుకొని, రొదకు చెందిన భాగాన్ని ముందుగా వడగట్టి, మిగిలినదానికే ప్రోనీ లెక్క కడతారు. అడుగు అంతస్తు కూడికలు కంప్యూటరు చేస్తుంది.