అడవిలో త్రిభుజాలు

ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరం జార్జి ఎవరెస్టు పేరును ధరించింది. కాని ఆయన జీవితంలోని కఠిన పరీక్ష హిమాలయాలలో ఎదురుకాలేదు. కృష్ణా గోదావరుల నడుమ, నేటి ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల వైపు వ్యాపించిన తెలుగునాటి అడవులలో ఎదురైంది.

1790లో జన్మించిన ఎవరెస్టు పదహారేళ్ల ప్రాయంలోనే ఈస్టిండియా కంపెనీ ఫిరంగి దళంలో చేరి భారతదేశానికి వచ్చాడు. జావా ద్వీపాన్ని సర్వే చేసిన పిమ్మట, 1818లో విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా నియమితుడై హైదరాబాదు చేరాడు. లాంబ్టన్ 1802లో మద్రాసు సమీపాన సుమారు 12 కిలోమీటర్ల నేలను ఉక్కు గొలుసుతో కొలిచి, దానిని ఆధారభుజంగా గ్రహించి, దేశం పొడవునా త్రిభుజాలు అల్లుతూ వస్తున్నాడు. ఒక భుజం పొడవు, దాని రెండు కొసల వద్ద కోణాలు తెలిస్తే తక్కిన భుజాలను గణించవచ్చునన్నది పాఠశాల విద్యార్థికీ తెలిసిన సూత్రమే. అయితే భూమి బల్లపరుపు కాగితం కాదు. భుజాలు 50 కిలోమీటర్లుండే త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలను సుమారు 5 సెకండ్లు మించుతుంది. డిగ్రీలో 3600వ భాగం సెకండు. భూమి వంపు వల్ల కలిగే అంతటి స్వల్పభేదాన్ని సైతం వారు లెక్కలోకి తీసుకోవలసి వచ్చేది.

1819లో కృష్ణా గోదావరుల మధ్య సీమను కొలిచే బాధ్యత ఎవరెస్టుపై పడింది. కొండ కొమ్ములపై చెట్లు నరికించి, ఒక శిఖరం నుండి మరొక శిఖరానికి చూపు సాగేలా దారి చేయవలసి వచ్చేది. వానలకు గాలి తేటపడినపుడే దూరశిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. కొలతలకు అనువైన ఆ కాలమే చలిజ్వరాలకూ కాలం. ఎల్లాపురం అడవులలో ఎవరెస్టు, ఆయన సహచరుడు వాయిసీ, సుమారు 150 మంది పరివారం జ్వరం పాలయ్యారు. హైదరాబాదు నుండి పల్లకీలు, ఏనుగులు పంపి వారిని తరలించారు. దారిలోనే దాదాపు 15 మంది మరణించారు. పటంలో గీతలు మిగిలాయి గాని, ఆ సామాన్యుల పేర్లు ఎక్కడా ఎక్కలేదు. ఆ జ్వరానికి దోమ కారణమని సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనుగొనేసరికి 1897 వచ్చింది.

ఆరోగ్యం కోసం ఎవరెస్టు 1820లో గుడ్ హోప్ అగ్రానికి వెళ్లాడు. 1823లో లాంబ్టన్ మరణించగా సర్వే భారం ఆయనదైంది. కాళ్లు చేతులు స్వాధీనం తప్పినా, ఇద్దరు మనుషులు ఎత్తి కూర్చోబెట్టగా నక్షత్రాలను పరిశీలించేవాడు. స్వభావం కోపిష్ఠి, పొరపాటును సహించేవాడు కాడు. 1825లో స్వదేశం వెళ్లి, 1830లో సర్వేయర్ జనరల్‌గా తిరిగివచ్చి, దేశపు దక్షిణాగ్రం నుండి హిమాలయ పాదం దాకా సుమారు 2400 కిలోమీటర్ల మహాచాపాన్ని 1841 నాటికి పూర్తిచేయించాడు. డెహ్రాడూను వద్ద ఆధారభుజాన్ని స్వయంగా కొలిచి చూస్తే, త్రిభుజాల ద్వారా గణించిన పొడవుతో తేడా కొన్ని అంగుళాలే.

1843లో ఆయన పదవీ విరమణ చేశాడు. శిఖరానికి తన పేరు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చినపుడు, స్థానికులు ఆ పేరును పలకలేరని అభ్యంతరం తెలిపాడు. నిజానికి ఆయన ఇంటిపేరును ఆయన కుటుంబం పలికేది ‘ఈవ్‌రెస్టు’ అని. అభ్యంతరం చెల్లలేదు. 1865లో పేరు స్థిరపడింది. మరుసటి ఏడు డిసెంబరు 1న లండనులో ఆయన కన్నుమూశాడు.