కుక్కబొమ్మ చిత్రకారుడు

గ్రామఫోను ప్లేట్లు మన ఇళ్ళలో మోగిన రోజుల్లో, అక్షరం ముక్క రానివారు సైతం అంగడికి వెళ్ళి కుక్కబొమ్మ ప్లేటు కావాలని అడిగేవారు. నాటకపు పద్యమైనా, హరికథ అయినా, ప్లేటు నడుమ బూర ముందు తల ఒకింత వాల్చి కూర్చున్న తెల్లకుక్కను చూచి పోల్చుకొనేవారు. కంపెనీ ఇంగ్లీషు పేరు పలకడం వారికి రాదు. పలకవలసిన అవసరమూ కలగలేదు. వ్యాపార చిహ్నానికి అంతకు మించిన సార్థక్యం ఏముంటుంది? ఆ బొమ్మను సృష్టించినవాడు ఫ్రాన్సిస్ జేమ్స్ బారో అనే ఆంగ్ల చిత్రకారుడు.

బారో 1856 జూన్ 16న లండనులో జన్మించాడు. ఆ వంశం పూర్వం ఫ్రాన్సు నుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినది. పూర్వులలో గడియారాల నిర్మాణంలో పేరు పొందినవారున్నారు. తండ్రి హెన్రీ చిత్రకారుడు. పెదతండ్రి విలియం జంతువుల చిత్రాలకు ప్రసిద్ధుడు. ఈ వాతావరణంలో పెరిగిన ఫ్రాన్సిస్ రాయల్ అకాడమీ పాఠశాలలో చేరి, సజీవ రూపచిత్రణలో వెండి పతకం గెలుచుకొన్నాడు. తరువాత బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరంలో కూడ అభ్యసించాడు. లివర్‌పూల్ నగరంలోని వాకర్ చిత్రశాలవారు ఆయన చిత్రాన్ని ఒకదానిని సేకరించారు. చేయి తిరిగిన చిత్రకారుడే; కాని నలుగురిలో ఒకడు.

ఆయన సోదరుడు మార్క్ బ్రిస్టల్ నగరంలో నాటకశాలకు తెరలు చిత్రించేవాడు. మార్క్ ఇంట ఒక చిన్న కుక్క ఉండేది. వచ్చేపోయేవారి పిక్కలు పట్టడం దాని అలవాటు గనుక నిప్పర్ అని పేరు పెట్టారు. 1887లో మార్క్ మరణించగా ఫ్రాన్సిస్ ఆ కుక్కను లివర్‌పూల్‌కు తెచ్చుకొని సాకాడు. ఆయన వద్ద ఫోనోగ్రాఫు యంత్రం ఉండేది. అది పాడుతున్నప్పుడు ఈ శబ్దం ఎక్కడిదని తెలియక, నిప్పర్ తల ప్రక్కకు వంచి బూరలోకి చూచేది. 1895లో నిప్పర్ కన్నుమూసింది. మూడేళ్ళు గడిచిన తరువాత ఆ దృశ్యం చిత్రకారుని మనస్సులో మెదిలింది, కుంచె పట్టాడు.

చనిపోయిన యజమాని కంఠాన్ని ఆ కుక్క వింటున్నదనీ, అది కూర్చున్నది శవపేటిక మీదననీ ఒక కథ లోకంలో ప్రచారమైనది. హృదయాన్ని కదిలించే కథే, కాని నిలువదు. మార్క్ మరణించిన నాటికి అట్టి యంత్రాలు ఇళ్ళలోకి రాలేదు.

1899 ఫిబ్రవరి 11న బారో ఆ చిత్రానికి హక్కు కోరుతూ దరఖాస్తు పెట్టాడు. అప్పుడు దానికి పెట్టిన పేరు చాంతాడంత: ఫోనోగ్రాఫును చూస్తూ వింటూ ఉన్న కుక్క అని. హిజ్ మాస్టర్స్ వాయిస్, అనగా తన యజమాని కంఠస్వరం అనే పేరు పిదప వచ్చినది. రాయల్ అకాడమీవారు చిత్రాన్ని ప్రదర్శనకు స్వీకరించలేదు. ఫోనోగ్రాఫులు అమ్మే ఎడిసన్ బెల్ కంపెనీవారు కుక్కలు ఫోనోగ్రాఫులు వినవని త్రోసిపుచ్చారట. అమ్మే సరుకు చేతిలో ఉన్నా, దానిని జనం మనస్సులో నాటగల బొమ్మ ఎదుటికి వస్తే గుర్తించలేకపోయారు.

నల్లబూరకు బదులు మెరిసే ఇత్తడి బూర వేస్తే చిత్రం కళకట్టుతుందని ఒక మిత్రుడు సలహా యిచ్చాడు. 1899 మే 31న బారో తన చిత్రం ఫోటోను చంకన పెట్టుకొని, ఇత్తడి బూర ఎరువు అడగడానికి లండనులోని మెయిడెన్ లేన్ వీధికి వెళ్ళాడు. అక్కడ అంతకు ముందు ఏడాదే మొదలైన చిన్న గ్రామఫోను కంపెనీ ఉన్నది. దాని నిర్వాహకుడు విలియం బారీ ఓవెన్ ఫోటో చూచి, చిత్రంలోని యంత్రాన్ని తీసివేసి తమ గ్రామఫోనును వేస్తే కొంటానన్నాడు. బూర ఎరువుకు వచ్చినవాడు బేరం కుదుర్చుకొని మరలిపోయాడు. చిత్రానికి 50 పౌన్లు, హక్కులకు 50 పౌన్లు. పౌనుకు 15 రూపాయల ఆనాటి లెక్కన మన 1,500 రూపాయలు.

ఇందులో ఒక విడ్డూరం ఉన్నది. మైనపు గొట్టంతో నడిచే ఫోనోగ్రాఫులో ఎవరైనా ఇంట కూర్చుండి తమ మాటను పట్టి ఉంచవచ్చు. గ్రామఫోను కంపెనీ ప్లేటును వినిపించగలదేగాని, మాటను పట్టలేదు. యంత్రం మారడంతో, యజమాని గాయకుడైతే తప్ప ఆ కుక్క అతని గొంతు వినే అవకాశమే లేకుండ పోయింది! కొనేవారిలో ఎవరికీ ఈ సందేహం తట్టినట్లు లేదు. విద్యార్థులు గమనించవలసినది యంత్రాన్ని కాదు, తల వాల్చిన ఆ వైఖరిని. యంత్రం గొప్పదని ఆ బొమ్మ ఎక్కడా చెప్పదు. ఒక మూగజీవి నమ్మినట్లు మాత్రమే చూపుతుంది.

1900 జనవరిలో ఆ బొమ్మ ప్రకటనలలో కనిపించింది. గ్రామఫోను కనిపెట్టిన బెర్లినర్ అదే సంవత్సరం జూలైలో దానిని అమెరికాలో నమోదు చేయించాడు. అక్కడ విక్టర్ కంపెనీ దానిని ఊరూరా వ్యాపింపజేసింది. కొన్న లండను కంపెనీ మాత్రం, ప్లేటుపై వ్రాస్తున్న దేవదూత బొమ్మ తనకు అప్పటికే ఉన్నందువల్ల కాబోలు, 1909 దాకా కుక్కను ప్లేట్ల మీదికి ఎక్కించలేదు. 1908లో కలకత్తాలో ప్లేట్ల కర్మాగారం వెలసింది. కాలక్రమాన మన భాషలోని పాటలూ పద్యాలూ ఆ కుక్క బొమ్మతోనే మనకు చేరినవి.

బారోకు 1913 నుండి క్రొత్త పని దొరికింది. కంపెనీల పెద్దల కోసం తన చిత్రాన్నే మరల మరల వ్రాసి యివ్వడం. అట్లు 24 ప్రతులు వ్రాశాడు. పతకం పొందిన చేయి పదేళ్ళకు పైగా ఒకే కుక్కను, ఒకే బూరను చిత్రించింది. మనకు జాలి కలుగుతుంది గాని, తన జీవితంలో తోచిన ఊహలలో అదే అత్యంత శుభకరమైనదని ఆయన చెప్పుకొన్నాడు. 1919 నుండి ఆయనకు సంవత్సరానికి 250 పౌన్ల భరణం ఏర్పడినది, పిదప అది 350కి పెరిగినది. 1924 ఆగస్టు 29న ఆయన మరణించాడు.

మొదటి చిత్రంలో గ్రామఫోను మీద వెలుతురు ఒక ప్రక్కనుండి పడితే, రంగు అడుగున కప్పివేసిన పాత ఫోనోగ్రాఫు ఆకారం ఈనాటికీ కనిపిస్తుంది.