వంటింట్లో నిండిన కూటం

గృహకూటంలో వాక్యభాగంపై చర్చ నడిపించమని అడిగితే, ఎంతో భక్తిగల విశ్వాసులు సైతం తమవల్ల కాదని తప్పించుకుంటారు. ఆ ధైర్యం ఒకరిలో ఎంత ఉందో దేనితో కొలవాలి? జాన్ వెస్లీ తల్లి సుసన్నాను అడిగి ఉంటే తనలో అది లేదనే చెప్పి ఉండేదేమో!

1669లో లండన్‌లో ఒక దైవసేవకుని ఇంట 25వ సంతానంగా పుట్టిన సుసన్నా, ఎప్‌వర్త్ సంఘ కాపరి శామ్యూల్ వెస్లీని పెళ్లాడింది. 19 మందిని కని, తొమ్మిదిమందిని పసితనంలోనే పోగొట్టుకుంది. 1709లో ఇల్లు కాలిపోయింది.

1711 చలికాలంలో భర్త సంఘ మహాసభకు లండన్ వెళ్లాడు. ఆదివారం సాయంత్రాలు ఆమె పిల్లలతో, పనివారితో వంటింట్లో ప్రార్థన జరిపేది. ఇరుగుపొరుగువారు తామూ వస్తామన్నారు. ఆ రోజుల్లోనే మన తరంగంబాడికి డెన్మార్క్ రాజు పంపిన మిషనరీల వృత్తాంతం ఆమె చేతికొచ్చింది. అది చదివి చలించిపోయింది. తాను పురుషుడిని కాదు, బోధకుడినీ కాదు, అయినా ఇంకొంత చేయగలననుకుంది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో ఏకాంతంగా మాట్లాడసాగింది. గురువారం జాన్‌ది. కూటానికి ముప్పై నలభైమంది వచ్చేవారు కాస్తా రెండువందలు దాటారు. నిలబడ చోటులేక కొందరు వెనుదిరిగారు.

ఆమెకు భయం లేదనుకోకండి. సొంత ప్రసంగం చేయలేదు, అచ్చయిన ప్రసంగాలే చదివింది. స్త్రీనైన తాను ప్రజల ప్రార్థనలను దేవునికి సమర్పించవచ్చా అని సందేహించి, ఒక ఆదివారం ప్రార్థనకు ముందే అందరినీ పంపేయబోయింది. వారు బతిమాలితే కాదనలేకపోయింది.

సహాయ గురువు ఫిర్యాదు చేశాడు. ఇంకెవరిచేతనైనా చదివించమని భర్త రాశాడు. అక్షరాలు కూడబలుక్కోకుండా చదవగలవాడు వారిలో ఒక్కడూ లేడని ఆమె జవాబిచ్చింది. మానాల్సిందేనంటే స్పష్టంగా ఆజ్ఞాపించమంది, అప్పుడు క్రీస్తు న్యాయపీఠం ఎదుట ఆ లెక్క తనది కాదంది. భర్త అడ్డు చెప్పలేదు.

ఏళ్ల తర్వాత లండన్‌లో థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే సామాన్య విశ్వాసి బోధిస్తున్నాడని విని జాన్ ఆపించడానికి పరుగెత్తుకొచ్చాడు. ముందు అతని మాటలు విని, ఫలం చూడమని తల్లి హెచ్చరించింది. జాన్ విన్నాడు, ఒప్పుకున్నాడు. 1742లో బ్రిస్టల్‌లో సుమారు 12 మందికొక నాయకుని చొప్పున చిన్న గుంపులు ఏర్పడ్డాయి. ప్రార్థనామందిరం అప్పు తీర్చేందుకు వారానికొక పెన్నీ వసూలు చేయడానికి పుట్టిన ఏర్పాటది! కాలక్రమంలో వాటిని నడిపినవారు ఎక్కువగా కాయకష్టం చేసుకునేవారు, వారిలో స్త్రీలూ ఉన్నారు.

ఆ ఏడాది జూలైలోనే సుసన్నా కన్నుమూసింది. ఆమె ముందే కోరినట్లు, పిల్లలు మంచం చుట్టూ నిలబడి స్తుతికీర్తన పాడారు.