తోలు మర్మమెరిగిన శాస్త్రజ్ఞుడు నాయుడమ్మ

పచ్చితోలు కొద్దిదినములలోనే కుళ్లిపోవును. దానినే తంగేడుచెక్క, కరక్కాయల రసములో నానవేసి పదును చేసినచో ఏండ్ల తరబడి చెడక నిలుచును. మన చర్మకారులు తరతరములుగా ఎరిగిన ఈ విద్యకు శాస్త్రగౌరవము సంపాదించిన ఆంధ్రుడు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ.

ఆయన 1922 సెప్టెంబరు 10వ తేదీన తెనాలి ప్రాంతమందలి యలవర్రులో కర్షక కుటుంబమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పారిశ్రామిక రసాయనశాస్త్రము చదివి, మద్రాసులో తోలుపని నేర్చి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిరి. తోలుపనిని హీనముగా చూచు సంఘమున రైతుబిడ్డ దానినే జీవితవృత్తిగా ఎన్నుకొనుట ఆనాడు సామాన్యవిషయము కాదు. మద్రాసులో 1948లో వెలసిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు ఆయన 1958 నుండి 1971 వరకు సంచాలకులుగా ఉండిరి.

తోలునకు ప్రాణము కొలాజెన్ అను మాంసకృత్తు. ఎముకలో ఖనిజమును అంటిపెట్టుకొని యున్నదియు అదియే. మద్రాసులోనే జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తాలు ఆ చర్మ సంస్థ నుండి లభించిన కంగారూ తోక స్నాయువును పరీక్షించి, కొలాజెన్ మూడు పేటల త్రాడు వలె అల్లుకొని యుండునని 1954, 1955 సంవత్సరములలో ప్రకటించిరి. ఆ పేటలను ఒకదానితో నొకటి బంధించుటయే తోలు పదును చేయుటలోని మర్మము. పచ్చితోలు సుమారు 60 డిగ్రీల వేడినీటిలో ముడుచుకొనును. క్రోము లవణములతో పదును చేసినది మరుగునీటికిని తాళును.

ఈ విద్యయే నేడు దంతవైద్యులకు అక్కరకు వచ్చుచున్నది. దవడయెముక క్షీణించినచోట చిగురుకండ త్వరగా పెరిగి, మెల్లగా పెరుగు ఎముకకు చోటు లేకుండ చేయును. 1982లో స్వీడన్ వైద్యులు నడుమ ఒక పలుచని పొరను అడ్డుపెట్టి ఈ చిక్కును తొలగింపవచ్చునని చూపిరి. తొలినాటి పొరలు శరీరములో కరగవు గనుక వానిని తీయుటకు మరల కోత అవసరమయ్యెను. జంతుచర్మము నుండి తీసిన కొలాజెన్ పొర తనంతట తాను కరగును. కాని ఎముక పెరుగకమునుపే కరగినచో ఫలము లేదు. దానిని నిలుపుటకు తోళ్లపనిలో వాడు గ్లూటరాల్డిహైడునే వాడి చూచిరి. అది మిగిలిపోయినచో జీవకణములకు విషము. అందుచే పొర ఎన్నినాళ్లు నిలుచును, కణములు దానిపై బ్రతుకునా, జంతువులలో క్రొత్త యెముక పుట్టునా అని ముందుగా పరీక్షింపవలసియున్నది. తోలు నశింపరాదు, ఈ పొర మాత్రము సకాలమున నశింపవలెను.

నాయుడమ్మ స్వయముగా ఎముకపొరలు చేయలేదు. ఆయన పెంచిన సంస్థ మాత్రము తరువాతి కాలమున కాలినగాయములను కప్పు కొలాజెన్ పొరలను రూపొందించినది.

1971లో ఆయన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతియై 1977 వరకు పనిచేసిరి. కరీంనగర్ జిల్లాలో విజ్ఞానమును పల్లెల అవసరములకు వినియోగించు పథకము ఆ కాలముననే నడచెను. 1981-82లో జవహర్లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి.

1985 జూన్ 23న ఐర్లండు తీరమున సముద్రముపై బాంబుప్రేలుడుకు గురియైన ఎయిర్ ఇండియా విమానములో ఆయన అసువులు బాసిరి. ఊరివెలుపల వాసన నడుమ సాగిన పని నేడు వైద్యశాలలో గాయమును మాన్పుచున్నదన్నచో, ఆ పనిని శాస్త్రముగా నిలబెట్టినవారిలో యలవర్రు రైతుబిడ్డ ఒకడు.